ఒంటితో పోరు చాలిద్దాం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభ, మొదటి రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "డాక్టరుగారూ, ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడండి, బరువు ఎలా తగ్గాలో చెబితే అందరికీ పనికొస్తుంది" అన్నారు. ఆరోగ్యం మీద మాట్లాడతానన్నాను. రెండో సగానికి మాత్రం ఒప్పుకోలేదు. బరువు తగ్గించే మార్గాలు చెప్పేవాళ్లు మీ ఫోన్లలోనే రోజుకు పదిమంది కనిపిస్తారు, నేను పదకొండోదాన్ని కానక్కర్లేదు. డైటింగ్ మానేయడం గురించీ, మానేశాక మన ఒంటిని మనం ఎలా చూసుకోవాలన్నదాని గురించీ మాట్లాడతాను. భోజనాలకు ముందు ఈ ప్రసంగం పెట్టినందుకు వంటవాళ్లు మాత్రం నన్ను దీవిస్తారు.

బందర్లో ప్రాక్టీసు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. గుడివాడ నుంచీ, పామర్రు నుంచీ, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక నుంచీ వస్తుంటారు. వచ్చేవాళ్ల వంటింట్లో ఏం నడుస్తోందో చూస్తే ఏ సంవత్సరమో చెప్పేయొచ్చు. కొన్నాళ్లు ఉప్పూ నూనే లేని కూరలు. కృష్ణ ఒడ్డున ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజుగారి ఆశ్రమానికి వెళ్లొచ్చినవాళ్లూ, టీవీలో ఆయన మాట విన్నవాళ్లూ ఇంటిల్లిపాదికీ ఉప్పు మాన్పించారు. తరవాత 2017, 18 ప్రాంతాల్లో విజయవాడ వైపు నుంచి వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి వచ్చింది. అన్నం బంద్, రోజుకు డెబ్బై నుంచి వంద గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. నూనె అంటే విషం అనుకున్న ఇళ్లలోనే గ్లాసుల్లో కొబ్బరినూనె పోసుకు తాగారు. ఆ పైన మైసూరు నుంచి ఖాదర్ వలీగారు కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు తెచ్చారు. ఇప్పుడు గడియారం చూసి తినే కాలం. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. ఇంటికొచ్చిన చుట్టం మాత్రం ఎనిమిదింటికి ఆకలేసి దిక్కులు చూస్తాడు.

ఈ పెద్దలను తప్పుపట్టడానికి నేనిక్కడికి రాలేదు. ఉప్పు తగ్గించమనడం మంచి మాట. తెల్లన్నం గుట్టలు గుట్టలుగా తినొద్దనడం మంచి మాట. మన తాతలు తిన్న చిరుధాన్యాలను మళ్లీ వంటింట్లోకి తేవడమూ మంచి పనే. నన్ను బాధపెట్టేది మరొకటి. ఈ పద్ధతులన్నిటినీ ఒకదాని తరవాత ఒకటి పాటించినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ప్రతిసారీ ఆరు కిలోలో పది కిలోలో తగ్గారు. ప్రతిసారీ ఏడాదో రెండేళ్లో తిరక్కముందే ఆ తగ్గిందీ, దాంతోపాటు ఇంకో రెండు కిలోలూ తిరిగొచ్చాయి. వాళ్లు నా ఎదురుగా కూర్చుని ఒకటే మాట అంటారు: "నాకు నోరు కట్టుకోవడం చేతకాదండీ."

పెళ్లయి వచ్చిన రోజు నుంచి అందరికీ వడ్డించి ఆఖర్న తిన్న మనిషి, అత్తగారికి పదేళ్లు పథ్యం వండిపెట్టిన మనిషి, కార్తీక సోమవారాలు ఒక్కటీ తప్పని మనిషి, తనకు నిగ్రహం లేదంటుంది. ఆ మాట నేను నమ్మను. నమ్మకపోవడానికి కారణం నా మంచితనం కాదు, లెక్కలున్నాయి. అవి చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. యుద్ధంలో తుపాకీ పట్టబోమని మనస్సాక్షి మీద నిలబడ్డ యువకులు 36 మంది దానికి ఒప్పుకున్నారు. యూరప్‌లో ఆకలితో మాడినవాళ్లకు తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం వీళ్లని 1945లో ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచారు. రొట్టె, బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు, మాకరోనీ. రోజుకు సుమారు 1570 కేలరీలు. వారానికి 22 మైళ్లు నడవాలి. అందరూ ఆరోగ్యవంతులు, చదువుకున్నవాళ్లు, ఆశయం కోసం వచ్చినవాళ్లు. నిగ్రహం సంగతి వాళ్లకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆరు నెలల్లో వాళ్ల బరువులో నాలుగో వంతు పోయింది. దాంతోపాటు ఏమేం జరిగిందో వినండి. గుండె నెమ్మదిగా కొట్టుకోసాగింది. ఎండాకాలంలో కూడా చలి. చిరాకు, దిగులు. రాజకీయాలూ, అమ్మాయిలూ, చదువూ అన్నీ మరిచిపోయి తిండి గురించే మాట్లాడుకునేవారు. వంటల పుస్తకాలు కొనుక్కుని నవలల్లా చదివినవాళ్లున్నారు. కంచాలు నాకారు. దొంగతనంగా తిని ఏడ్చినవాళ్లున్నారు. పరీక్ష అయిపోయి తిండి పెట్టాక కూడా కొన్నాళ్లు ఎంత తిన్నా ఆకలి తీరలేదు. పోయిన బరువు తిరిగొచ్చేటప్పుడు కండ కంటే కొవ్వు ముందు వచ్చింది.

అమ్మా, మీరు వంటల వీడియోలు అర్ధరాత్రి దాకా చూస్తూ, మరోపక్క ఉడకబెట్టిన సొరకాయ తింటూ గడిపిన ఆ మూడు నెలలు గుర్తున్నాయా? ఆ కుర్రాళ్లకిచ్చిన 1570 కేలరీలకు శాస్త్రవేత్తలు అర్ధాకలి అని పేరు పెట్టారు. మన ఊళ్లో జిమ్ముల్లో రాసిచ్చే కాగితాల మీద 1200 అని ఉంటుంది. దానికి క్రమశిక్షణ అని పేరు.

ఇంకొకటి ఇటీవలిది. అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీ ఒకటి ఉండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తరవాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. సగటున 58 కిలోలు తగ్గిన మనుషులు 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకంటే ముఖ్యమైనది, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల శరీరం ఖర్చుపెట్టే శక్తి, అదే సైజున్న మనిషికి ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ. ఆరేళ్లయినా ఆ పొదుపు ఆగలేదు. అంతకుముందు 2011లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మరో అధ్యయనం ఆకలి పుట్టించే హార్మోన్లను కొలిచింది. డైటింగ్ ముగిసిన ఏడాదికి కూడా అవి మొదటి స్థాయికి రాలేదు. అంటే ఏడాది తరవాత కూడా ఆ మనిషికి ముందుకంటే ఎక్కువ ఆకలేస్తోంది, ముందుకంటే తక్కువ ఖర్చవుతోంది. దీన్ని నోరు కట్టుకోలేకపోవడం అంటామా?

శరీరానికి డైటింగ్ అంటే తెలియదండీ. దానికి తెలిసింది కరువు. ఈ నేల మీద పుట్టిన మనకు ఆ మాట ఎవరో చెప్పక్కర్లేదు. 1832-33లో, నందన సంవత్సరంలో, కృష్ణకు రెండు పక్కలా వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువన్నారు. గుంటూరు జిల్లాలోనే లక్షకు పైగా జనం పోయారు, బందరు వైపూ ఆ దెబ్బ తగిలింది. ఎండిన డొక్కల మీద పేరు పెట్టుకున్న కరువది. ఆ తరవాతే బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాలన్న మాట గట్టిపడి, 1855కి పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి వచ్చింది, కృష్ణా జిల్లా అంటే అన్నం అన్న పేరొచ్చింది. మన పచ్చదనం వయసు నూట డెబ్బై ఏళ్లే. లావుగా ఉన్న మనిషిని చూసి "కలిగినవాళ్లు" అనే అలవాటు మన తాతల దాకా ఉందంటే ఆశ్చర్యం లేదు.

అంత వెనక్కి వద్దు. 1977 నవంబరు 19 ఈ హాల్లో సగం మందికి గుర్తే. దివిసీమ నుంచి వచ్చినవాళ్లున్నారు, వాళ్ల ముందు ఉప్పెన గురించి నేను మాట్లాడటం బాగుండదు. ఒక్క విషయం మాత్రం చెబుతాను, ఎందుకంటే నా వైద్యంలో అది ఇప్పటికీ తగులుతుంటుంది. ఆ తరవాత నెలల తరబడి సహాయ శిబిరాల్లో వరసలో నిలబడి అన్నం తిన్న పిల్లలు ఇవాళ యాభై ఐదు, అరవై ఏళ్లవాళ్లు. వాళ్లలో కొందరు కంచంలో మెతుకు వదల్లేరు. కడుపు నిండినా సరే. మనవడు వదిలేసిన ముద్ద కూడా వాళ్లే తింటారు. "చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాదు డాక్టరుగారూ" అంటారు. అలాంటి మనిషికి కేలరీల పట్టిక ఇచ్చి పంపితే ఏం ప్రయోజనం? నేనైతే గిన్నెలో వండేది తగ్గించమంటాను, ఆ పూటకు సరిపడా వండుకోమంటాను. అన్నం పారేయని ఆ చేతిని మాత్రం మార్చబోను.

హాలెండ్‌లో 1944-45 చలికాలంలో జర్మన్ల ముట్టడి వల్ల ఆకలి బాధ వచ్చింది. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్న పిల్లల్ని పెద్దయ్యాక పరీక్షిస్తే షుగరును అదుపులో ఉంచుకునే శక్తి తక్కువగా కనిపించింది. తినని తల్లి బాకీ బిడ్డ ఒంటి మీద పడిందన్నమాట. మన బరువులో మన చేతిలో ఉన్న పాలు ఎంతో, లేనిదెంతో ఆలోచించుకోవడానికి ఈ సంగతి చెప్పాను.

ఇక్కడ ఒక స్నేహితురాలి విషయం చెప్పాలి. ఆమె అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. మా బ్యాచే. బడిలో ఉండగా మంచి కంఠం, ఆగస్టు పదిహేనుకి ప్రార్థన పాడేది. అప్పుడు కూడా కాస్త బొద్దుగానే ఉండేది. ఆమెకు మన వాళ్లు పెట్టిన పేరు మీకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడ పలకను. అలాంటి పేర్లు మన బడిలో ఒక్కరికే కాదు, డజను మందికి ఉండేవి. సన్నగా ఉన్నవాళ్లనీ వదల్లేదు, కందిపుల్లలూ అగరొత్తులూ ఉండేవారు. పెట్టినవాళ్లు వారంలో మరిచిపోయి ఉంటారు. ఆమె మరిచిపోలేదు.

మన సంఘం పెట్టిన ఏ సమావేశానికీ ఆమె రాలేదు. ప్రతిసారీ ఫోన్ చేస్తాను. "ఓ పది కిలోలు తగ్గాక వస్తానే, ఈసారికి వదిలెయ్" అంటుంది. పోయిన ఏడాది మా క్లాసు టీచరమ్మ పోయారు. ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నది ఈమె. కడసారి చూడటానికి కూడా రాలేదు, అక్కడ అందరూ ఉంటారని. మొన్న చెప్పింది, పదిహేనేళ్లుగా ఫొటో దిగలేదట. కూతురి పెళ్లి ఆల్బంలో తల్లి మూడు ఫొటోల్లో ఉంది, మూడింట్లోనూ ఎవరో ఒకరి వెనక. మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లదు, వెళితే ముందు బరువు గురించే తిడతారని. ఇన్నేళ్లలో ఆమె చేయని డైట్ లేదు. ఇవాళా రాలేదు. ఈ ప్రసంగం సంచికలో వేస్తామన్నారు కనుక పోస్టులో ఆమెకు చేరుతుంది.

ఇలాంటివాళ్లు ఒక్కరే అనుకోకండి. ఈ సభకు రానివాళ్ల జాబితా కార్యదర్శిగారి దగ్గర ఉంది. అందులో కొందరికి కాళ్లు రాక, కొందరికి వీసాలు దొరక్క. కొందరికి మాత్రం మనం పలకరించే తీరు వల్ల. ముప్పై ఏళ్ల తరవాత కలిసిన మనిషితో మన మొదటి మాట ఏమిటి? "ఏంటే, ఇంత లావైపోయావు!" లేకపోతే, "అయ్యో, అలా చిక్కిపోయావేంటి, ఏమైనా జబ్బా?" ప్రేమతోనే అంటాం. ప్రేమతో అన్నది కూడా గుచ్చుకుంటుంది. క్యాన్సరుకు మందులు వాడి సన్నబడ్డ మనిషిని "భలే స్లిమ్ అయ్యావు, రహస్యం చెప్పు" అని అడిగిన సందర్భం నా కళ్లముందే జరిగింది. నిన్న సాయంత్రం నుంచి ఈ ప్రాంగణంలో నేను లెక్కపెడుతున్నాను, మొదటి పలకరింపుల్లో సగానికి పైగా ఒంటి గురించే. పిల్లలు ఏం చేస్తున్నారన్నది రెండో ప్రశ్న.

మన పక్క ఊరి కళ నుంచి ఒకటి గుర్తుచేస్తాను. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగవాడై ఉండి సత్యభామ వేషం కట్టారు. తెర వెనక నుంచి జడ కనబడగానే ప్రేక్షకులకు సత్యభామే కనిపించింది గానీ ఆ నడుం కొలత ఎంతని ఎవరూ అడగలేదు. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావుగారు 1957లో మాయాబజార్‌లో ఘటోత్కచుడై ఆ పెళ్లి వంటల ముందు కూర్చుంటే, ఆ విగ్రహం లేకపోతే ఆ దృశ్యమే లేదు కదా. ఈ మాట నా అభిమానం కొద్దీ అన్నాను, వైద్యశాస్త్రంతో సంబంధం లేదు.

సరే, ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. "అయితే డాక్టరుగారూ, బందరు లడ్డూ ఎన్నైనా తినొచ్చా?" తొక్కుడు లడ్డూ మీద నాకున్న గౌరవం మీకు తెలుసు. కానీ ఒంటితో సంధి అంటే పరీక్షలు మానేయడం కాదు. మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల అధ్యయనం చెప్పింది. మన డెల్టాలో తెల్లన్నం మూడు పూటలా తిని, నడక మానేసిన మనకు ఆ జబ్బు పక్కింటి చుట్టం. మనం చదువుకునే రోజుల్లో కాలవ గట్టు మీద ఐదారు మైళ్లు సైకిలు తొక్కి వచ్చినవాళ్లున్నారు. నాట్లకు వంగిన తల్లులున్నారు. ఇవాళ వాళ్ల పిల్లలు వీధి చివరి కిరాణా కొట్టుకు బండి తీస్తున్నారు. కంచం అదే ఉండి, కాళ్లకు పని పోయింది.

అందుకే బరువుకూ షుగరుకూ సంబంధం లేదని నేను అనను, ఉంది. అయితే తూకం మిషను చెప్పేది అందులో కొంతే. పుణే డాక్టరు యాజ్నిక్‌గారు, ఇంగ్లండు డాక్టరు యుడ్‌కిన్‌గారు 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడి ఫొటో వేశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ అంటాం, ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ ఇంగ్లండు ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన ఆయనకు 21.2. సన్నగా కనిపిస్తూనే పొట్ట లోపల కొవ్వు దాచుకోవడం మన జాతికున్న గుణం. కాబట్టి ఈ హాల్లో సన్నగా ఉండి, ఇందాకటి నుంచి ఇది తమకు కాదన్నట్టు కూర్చున్నవాళ్లకు కూడా చెబుతున్నాను. సంవత్సరానికోసారి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. లావుగా ఉన్నవాళ్లకు పరీక్ష, సన్నవాళ్లకు మినహాయింపు అన్న లెక్క ఎక్కడా లేదు.

షుగరు మాత్రలో, ఇన్సులినో వాడుతూ, ఎవరికీ చెప్పకుండా ఫోన్లో చూసిన ఉపవాసం మొదలుపెట్టడం చాలా ప్రమాదం. తిండి ఆగిపోయి మందు మాత్రం కొనసాగితే షుగరు పడిపోతుంది. తెల్లవారుజామున స్పృహ లేకుండా ఆటోలో తీసుకొచ్చిన మనుషుల్ని నేను చూశాను. ఒకరిద్దరు కాదు. కొత్త రకం షుగరు మాత్రలు కొన్ని ఉన్నాయి, అవి వాడుతూ అన్నం పూర్తిగా మానేస్తే రక్తం ఆమ్లంగా మారే ముప్పుంది. త్వరత్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఇవి ఏ వీడియోలోనూ చివరి దాకా చూసినా చెప్పరు.

అరవై దాటిన మనకు ఇంకో లెక్క ఉంది. ఈ వయసులో కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కొవ్వు తిరిగొస్తుంది, కండ అంత తేలిగ్గా రాదు. కండ లేని మనిషి బాత్‌రూములో జారితే తుంటి విరుగుతుంది. నేల మీద కూర్చుని, చెయ్యి ఊతం లేకుండా లేవగలరా అన్నది నాకు మీ కిలోల కంటే ఎక్కువ చెబుతుంది. ఇంటికెళ్లి ప్రయత్నించండి, పక్కన ఎవరైనా ఉండగా.

మరి ఏం తినాలంటారా? దీనికి కొత్త పేరేమీ లేదు, పుస్తకం అచ్చువేసి అమ్మే సరుకూ కాదు. కూరా పప్పూ ముందు, అన్నం తరవాత. ముందు కూర తిని ఆ తరవాత అన్నం తింటే భోజనం తరవాత షుగరు అంతగా ఎగరదని పరీక్షల్లో తేలింది. మనది నీళ్ల సీమ. చేపకు కొదవ లేదు. తినేవాళ్లు తినండి, తిననివాళ్లు పప్పు, పెరుగు, శనగలు వదలకండి. ఆవకాయ బద్దని నాకినంత మాత్రాన ప్రళయం రాదు, బీపీ ఉన్నవాళ్లు రెండో బద్ద వేసుకోకుండా ఉంటే చాలు. భోజనం అయ్యాక మంచమెక్కే ముందు పది నిమిషాలు వీధిలో నడవండి. ఆకలైతే తినండి, కడుపు నిండిందన్నప్పుడు ఆపండి. ఈ రెండో మాట చిన్నదిగా ఉంది గానీ, ఇరవై ఏళ్లు డైటింగ్ చేసినవాళ్లకు ఆకలీ తెలియదు, నిండిందనీ తెలియదు. మళ్లీ నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ఆ నెలల్లో మొదట రెండు మూడు కిలోలు పెరిగి భయపడ్డారు. ఓపిక పట్టినవాళ్లలో చాలామందికి ఒకచోట నిలిచింది. తగ్గిందా అంటే కొందరికి కొంచెం తగ్గింది, కొందరికి లేదు. షుగరు మాత్రం ఎక్కువమందికి మెరుగైంది, ఎందుకంటే నడక ఆపలేదు, అర్ధరాత్రి దొంగతిండి ఆగిపోయింది.

ఉపవాసాల గురించి కూడా అడుగుతారు. ఏకాదశులూ, కార్తీక సోమవారాలూ, రంజాన్ రోజాలూ, లెంట్ రోజులూ ఈ హాల్లో అన్నీ పాటించేవాళ్లున్నాం. మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి చేయండి. మిగతావాళ్లకు నా అభ్యంతరం లేదు. దేవుడి కోసం ఉన్న ఉపవాసానికి సాయంత్రానికో నెలకో ముగింపు ఉంటుంది, తెల్లారి తూకం ఎక్కే పని ఉండదు. అద్దం కోసం చేసే ఉపవాసానికే ముగింపు లేదు.

2025 నుంచి మన దేశంలోనూ బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయి. అవి పనిచేస్తాయి. ఆకలి అన్నది మెదడులోనూ పేగుల్లోనూ నడిచే వ్యవహారమని, నిగ్రహానికి సంబంధించినది కాదని ఆ ఇంజెక్షన్లే రుజువు చేశాయనుకుంటాను. షుగరు ఎక్కువున్నవాళ్లకు, బరువు వల్ల ఊపిరి ఆడనివాళ్లకు డాక్టరు రాస్తే వాడండి, అందులో సిగ్గుపడేది లేదు. ఆపేస్తే పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొస్తుందని తెలుసుకుని మొదలుపెట్టండి. కూతురి పెళ్లి మూడు నెలల్లో ఉంది, అప్పటికి తగ్గాలి అని వచ్చేవాళ్లకు నేను రాయను.

కార్యదర్శిగారికి రెండు విన్నపాలు. సంచికలో "అప్పుడు-ఇప్పుడు" అని ఫొటోల పేజీ వేస్తున్నారని విన్నాను. ఎవరి ఫొటో వేసినా ముందు వాళ్లను అడిగి వేయండి, పక్కన వ్యాఖ్య రాయకండి. రెండోది, మన వాట్సాప్ గ్రూపులో ఎవరిదైనా పుట్టినరోజు ఫొటో పెట్టగానే కింద వచ్చే ఏనుగు బొమ్మలూ బెలూన్ బొమ్మలూ ఆపించండి. పెట్టేవాళ్లు ఇద్దరు ముగ్గురే, వాళ్లెవరో వాళ్లకు తెలుసు, ఇప్పుడు నవ్వుతున్నారు కూడా.

గురువులకు ఒక మాట. మీరు రిటైరైనా మీ మాట మన ఊళ్లో చెల్లుతుంది. ఇప్పటి బళ్లల్లో పిల్లల బరువు కొలిచి క్లాసులో గట్టిగా చదివే అలవాటు ఎక్కడైనా కనబడితే, ఆ టీచరుకు పక్కకు పిలిచి చెప్పండి. కొలవడం మంచిదే, బరువు తక్కువున్న పిల్లలు మన లంకల్లో ఇంకా ఉన్నారు, వాళ్లను గుర్తించాలి. చీటీ మీద రాసి తల్లిదండ్రులకు పంపితే సరిపోతుంది.

భోజనాలకు వేళయింది. ఇవాళ ముద్దపప్పు, గోంగూర, కొరమీను పులుసు, పెరుగు, ఆఖర్న లడ్డూ అని చెప్పారు. వడ్డించేవాళ్లు దయచేసి ఎవరికీ బలవంతంగా వేయకండి, ఎవరినీ "మీకు లడ్డూ వద్దేమో" అని కూడా అడగకండి.

రేపు ఉదయం ఆరున్నరకు పడమటి వరండాలో రక్తపరీక్ష శిబిరం ఉంది, పరగడుపున రండి. షుగరు మందులు వాడేవాళ్లు పొద్దుటి మాత్ర వేసుకోకుండా చేత్తో పట్టుకురండి, రక్తం ఇచ్చాక ఇడ్లీ పెడతాం, అప్పుడు వేసుకుందురుగాని. బీపీ మిషను ఉంటుంది, నడుం కొలిచే టేపు ఉంటుంది, కొలత మీకూ నాకూ తప్ప ఎవరికీ వినబడదు. తూకం మిషను తెప్పించలేదు.